పలక నుంచి ఇ-రీడర్ దాకా: చవక చదువు చరిత్రలో మన లెక్క ఎక్కడ?

పోస్టు పెద్దదే. తీరిక చూసుకుని చదవండి.

"తక్కువ ధరలో మంచి ఇ-బుక్ రీడర్ ఏది?" అని మన గ్రూపులో అడుగుతున్నారు. హనుమంతునిపాడు వైపు తండాల్లో, కాలనీల్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు తలా కొంచెం చందా వేసుకుని ఒకటి రెండు కొనిద్దామనే మాట కూడా వచ్చింది. మంచి మాట. మోడల్ పేరు ఒక్క లైనులో చెప్పి ఊరుకోవచ్చు. కానీ "పేదోళ్లకు చవకలో చదువుకునే యంత్రం" అనే మాట మన దేశంలో ఇప్పుడు కొత్తగా పుట్టింది కాదు. పాతికేళ్లలో నాలుగైదు సార్లు వచ్చింది, ప్రతిసారీ పేపర్లలో ఫొటోలు పడ్డాయి, ఆ తర్వాత సద్దు లేదు. ఎందుకు పోయాయో తెలుసుకోకుండా మన పిల్లల చందా డబ్బు తీసుకెళ్లి ఇంకో యంత్రం మీద పెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే ఈ చరిత్ర.

నిజానికి చవకగా చదువుకునే సాధనం తయారుచేసి దేశానికి పంపిన ఊరు మన పక్కనే ఉంది. మార్కాపురం. కొత్త తరం పిల్లలకు మార్కాపురం అంటే చెన్నకేశవస్వామి గుడి, జిల్లా ఉద్యమం గుర్తొస్తాయేమో గానీ, మన నాన్నల తరానికి మార్కాపురం అంటే పలకే. నల్లమల అంచున, కంభం నుంచి మార్కాపురం మీదుగా సాగే నేలలో ఒక రకం రాయి ఉంది. కోట్ల ఏళ్ల కింద బురద పొరలు పొరలుగా పేరుకుని, భూమి లోపలి ఒత్తిడికి గట్టిపడి రాయైంది. పొరల వెంబడి ఉలి పెట్టి కొడితే రేకులా విడిపోతుంది. భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో ఈ పొరలకు కంభం పేరే పెట్టారు. గనిలోంచి దిమ్మ తీయడం, పొరలు చీల్చడం, కొలతకు కోయడం, నున్నగా రుద్దడం, చుట్టూ కర్ర చట్రం బిగించడం, ఇంతే పని. మార్కాపురంలో చట్రం కట్టిన పలకలు దేశంలో ఎక్కడెక్కడి బళ్లకో వెళ్లాయి.

పలక గురించి కాస్త ఎక్కువ చెప్తా, ఎందుకంటే ఇప్పుడు మనం కొనబోయేదానితో పోల్చుకోవడానికి ఇంతకన్నా మంచి కొలమానం నాకు దొరకలేదు. పలకకు కరెంటు అక్కర్లేదు. ఎండలో కూడా అక్షరం కనిపిస్తుంది. అక్క రాసిన పలక తమ్ముడికి పనికొస్తుంది. చట్రం ఊడితే ఇంట్లోనే మేకు కొట్టుకోవచ్చు. నలుపు తగ్గితే బొగ్గు, ఆకుపసరు కలిపి రుద్దుకుంటే మళ్లీ కొత్తదే. అన్నిటికన్నా పెద్ద సంగతి, పలక మీద ఏ భాషైనా పడుతుంది. తెలుగు రాసుకో, ఇంగ్లీషు రాసుకో, మన గోర్ బోలి రాసుకో, పలక వద్దనదు. ఫాంటు లేదని డబ్బాలు చూపించదు. ఒక్కటే లోపం: అది ఏదీ దాచుకోదు. నిన్నటి పాఠం తుడిస్తేనే ఈరోజు పాఠానికి చోటు. చదివింది మిగలాలంటే పుస్తకం కావాలి, పుస్తకానికి డబ్బు కావాలి. పేదింటి పిల్లోడి చదువు చాలాసార్లు ఆగింది సరిగ్గా ఆ పలకకీ పుస్తకానికీ మధ్యనే.

ఇందులో ఇంకో చేదు ముక్క ఉంది. దేశం పిల్లలకు పలకలిచ్చిన ఊళ్లో ఆ పలకలు చేసిన చేతుల్లో పిల్లల చేతులు కూడా ఉన్నాయి. 1987లో కేంద్రం జాతీయ బాలకార్మిక విధానం తెచ్చినప్పుడు ముందుగా పని మొదలుపెట్టాలని ఎంచుకున్న చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, అలీగఢ్ తాళాలు, వాటి సరసన మన మార్కాపురం. 1996 డిసెంబరు 10న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు శివకాశి గురించి మొదలైనా, అందులో పేరు పెట్టి చెప్పిన పరిశ్రమల్లో మార్కాపురం పలకలు ఉన్నాయి. పనిలో పెట్టుకున్న ఒక్కో పిల్లోడికి యజమాని 20,000 రూపాయలు నిధికి కట్టాలని ఆ తీర్పు చెప్పింది. అంటే పలక చవగ్గా దొరకడానికి ఎవరో ఒకరు ఖరీదు కట్టారు, కట్టినవాళ్లలో బడికి వెళ్లాల్సిన వయసు వాళ్లున్నారు. "చవక" అన్న మాట విన్నప్పుడల్లా "ఎవరికి చవక?" అని అడగడం నాకు అక్కడి నుంచే అలవాటు.

తర్వాత రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి, నోటుబుక్కులు అందుబాటులోకొచ్చాయి, రాతి పలక పక్కకు పోయింది. ఇప్పుడు ఆ రాయి ఎక్కువగా ఇళ్ల గోడలకు, నేలకు వేసే బండలుగా పోతోంది.

మరి పుస్తకం మనదాకా ఎలా వచ్చింది? మన జాతుల విషయంలో ఈ చరిత్ర కొంచెం తలకిందులుగా ఉంటుంది. చాలామంది మనోళ్లు పుస్తకం చదవకముందే పుస్తకంలోకి ఎక్కారు. 1871 నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశాక, ఎరుకల వాళ్లతో పాటు మరికొన్ని కులాల, తెగల పేర్లు పోలీసు రిజిస్టర్లలో రాశారు, వేలిముద్రలు తీసుకున్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు 1913-14 ప్రాంతంలో పుట్టింది అలాగే. ఆ చట్టం రద్దయింది 1952లో. అంటే స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు. అక్షరం రాని మనిషి పేరు వేరేవాళ్ల పుస్తకంలో ఉండడం, ఆ పేజీలో ఏం రాశారో ఆ మనిషి చదవలేకపోవడం, ఇది మన చదువు చరిత్రలో మొదటి పేజీ. ఎందుకు చెప్తున్నానంటే, చదివే యంత్రాన్ని మనం వస్తువులా మాత్రమే చూడలేం. లోపల ఏముంది, ఎవరు పెట్టారు, మనం మార్చుకోగలమా అనేది మనకు ధర కన్నా ముందు ప్రశ్న.

గ్రంథాలయోద్యమం గురించి మీకందరికీ పరీక్షల కోసమైనా తెలుసు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ, 1918లో వేటపాలెం సారస్వత నికేతనం, 1935లో కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణం నడిపిన పడవ గ్రంథాలయం. గొప్ప పనులు, కాదనను. కానీ మ్యాపు తీసి చూడండి. పడవలో పుస్తకాలు పోవాలంటే కాలువ ఉండాలి. మనకు కాలువ ఏది? అప్పట్లో కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలో ఓ మూల, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఓ మూల. 1970 ఫిబ్రవరి 2న ఈ మూలలన్నీ కలిపి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం పేరు పెట్టారు. అంతవరకూ ప్రతి ఊరూ ఎవరో ఒకరి జిల్లాకు కొసే. పుస్తకమైనా, నీళ్లైనా కొసకు వచ్చేసరికి ఎంత మిగులుతుందో మనకు చెప్పాలా.

ఇక యంత్రాల కథకు వద్దాం.

మొదటిది సింప్యూటర్. బెంగళూరు భారత విజ్ఞాన సంస్థ ప్రొఫెసర్లు, ఎన్‌కోర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంజినీర్లు కలిసి 1998 తర్వాత తలపెట్టారు. చదువురాని పల్లెటూరి మనిషి కూడా వాడగలిగే చేతి కంప్యూటర్, భారతీయ భాషల్లో రాసినదాన్ని పైకి చదివి వినిపించేది. అప్పటికి అలాంటి ఆలోచన ప్రపంచంలోనే పెద్ద విషయం. అందులో నాకు బాగా నచ్చింది స్మార్ట్ కార్డు పద్ధతి. ఊరికి ఒక్క యంత్రం చాలు, ఒక్కొక్కరికి ఒక చిన్న కార్డు. కార్డు పెడితే నీ చదువు, నీ లెక్కలు వస్తాయి. తీస్తే తర్వాతి మనిషి వంతు. పేదోడికి వస్తువు సొంతంగా ఉండాలనే పట్టుదల లేకుండా, పంచుకోవడాన్ని యంత్రంలోనే పెట్టారు. కానీ 2004 మార్చిలో అమిడా పేరుతో బజారుకు వచ్చేసరికి మొదలు ధరే పదివేలకు దగ్గర. అప్పటికే సెల్‌ఫోన్ ధరలు పడిపోతున్నాయి. పల్లెటూరి మనిషి కోసం పుట్టింది పల్లెకు రాలేదు. మంచి ఆలోచన ఆలస్యంగా, ఖరీదుగా వస్తే ఏమవుతుందో దానికి ఇది పాఠం.

అదే సమయంలో అమెరికాలో వేరే దారిలో పని జరుగుతోంది. ఎం.ఐ.టి.లో జోసెఫ్ జేకబ్సన్ బృందం చేసిన పరిశోధనలోంచి 1997లో ఇ-ఇంక్ కంపెనీ పుట్టింది. దీని కిటుకు తెలిస్తే మీకు కొనేటప్పుడు పనికొస్తుంది. తెర లోపల వెంట్రుక మందం ఉన్న చిన్న చిన్న గుళికలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో గుళికలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. ఒక రకానికి ధన విద్యుదావేశం, ఇంకో రకానికి రుణ విద్యుదావేశం. కింద నుంచి కరెంటు ఇస్తే నల్లవో తెల్లవో పైకి తేలతాయి. తేలాక కరెంటు తీసేసినా అలాగే ఉంటాయి. అందుకే పేజీ తిప్పినప్పుడే బ్యాటరీ ఖర్చు. అందుకే వారాల తరబడి ఛార్జింగ్ ఆగుతుంది. ఫోనులా కంట్లోకి వెలుగు కొట్టదు, కాగితంలా బయటి వెలుగులో కనిపిస్తుంది. మన ఎండలో ఫోను తెర నల్లగా అయిపోతుంది, ఇది మాత్రం ఎండ పెరిగేకొద్దీ ఇంకా బాగా కనిపిస్తుంది. పలక గుణమే. 2004లో సోనీ జపానులో ఇలాంటి మొదటి రీడర్ అమ్మింది, 2007 నవంబరులో అమెజాన్ కిండిల్ తెచ్చింది. ధర 399 డాలర్లు. ఐదున్నర గంటల్లో ఉన్న సరుకంతా అయిపోయింది.

మన దేశంలో కూడా ప్రయత్నం జరిగింది, చాలామందికి గుర్తులేదు. 2010లో ఇన్ఫీబీమ్ అనే గుజరాత్ కంపెనీ "పై" పేరుతో ఇ-ఇంక్ రీడర్ తెచ్చింది, 9,999 రూపాయలు. భారతీయ భాషలు చదవొచ్చనేదే దాని ప్రచారం. ఆ మరుసటి ఏడు కేరళ వైపు నుంచి "వింక్" వచ్చింది, అదీ అదే మాట. రెండూ నిలబడలేదు. 2012 ఆగస్టులో అమెజాన్ భారత స్టోరు తెరిచి కిండిల్‌ను 6,999కి అమ్మింది. పెద్ద కంపెనీ తక్కువ ధరకు ఇస్తే చిన్న కంపెనీకి చోటేది?

ఇక్కడే మనకు సంబంధించిన అసలు ముక్క. కిండిల్ మన దేశానికి వచ్చిన నాలుగేళ్లకు, 2016 డిసెంబరులో, భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టామని అమెజాన్ ప్రకటించింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఐదు. తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. గుజరాతీ 5 కోట్ల 55 లక్షలు. మలయాళం 3 కోట్ల 48 లక్షలు. మలయాళం కన్నా రెట్టింపు పైగా ఉన్న భాషకు ఆ జాబితాలో చోటు లేదు. ఈ లెక్క చూసినప్పుడు తెలుగు వాళ్లందరూ బాధపడ్డారు. నాకు బాధతో పాటు ఇంకోటి కూడా అనిపించింది: ఎనిమిది కోట్ల భాషకే ఇలా అయితే, గోర్ బోలికి, ఎరుకల భాషకు, యానాదుల మాటకు, చెంచుల మాటకు వంతు ఎప్పుడు?

తెలుగు వెనకబడడంలో మన వైపు సంగతి కూడా ఒకటుంది. కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడి అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. కానీ మన పత్రికలు, ప్రచురణకర్తలు చాలా ఏళ్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడారు. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పుస్తకాన్ని ఇంకో చోట తెరిస్తే గజిబిజి అక్షరాలు. దాన్ని ఇ-పుస్తకంగా మార్చాలంటే మళ్లీ మార్చి, తప్పులు దిద్దాలి, దిద్దేవాళ్లకు డబ్బివ్వాలి. అందుకే పాత తెలుగు పుస్తకాలు డిజిటల్‌లో ఎక్కువగా దొరికేది ఫొటో రూపంలోనే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి అమెరికాలో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి ముందుండి నడిపిన పదిలక్షల పుస్తకాల ప్రాజెక్టు, దాని కింద మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో స్కానింగు. వేలకు వేలు తెలుగు పుస్తకాలు ఇలా బతికాయి. తర్వాత ఆ సైటు మూతపడినా చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇప్పటికీ ఉన్నాయి, ఉచితం. తెలుగు వికీసోర్సులో కొన్నిటిని స్వచ్ఛందంగా అక్షరం అక్షరం టైపు చేసి, దిద్ది పెట్టారు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు గానీ వాళ్లకు దణ్ణం పెట్టాలి.

ఫొటో పేజీకీ టైపు చేసిన పేజీకీ తేడా ఎందుకంత ముఖ్యమో చెప్తా. ఆరు అంగుళాల రీడర్ అంటే తెర వెడల్పు సుమారు 3.6 అంగుళాలు. ఏ-4 కాగితం వెడల్పు 8.3 అంగుళాలు. ఏ-4 స్టడీ మెటీరియల్ పీడీఎఫ్ ఆ తెర మీద పెడితే అక్షరం సగం కన్నా చిన్నదైపోతుంది. పన్నెండు పాయింట్ల అక్షరం ఐదు పాయింట్లు. మందుల సీసా మీద చీటీ చదివినట్టే. పెద్దది చేసి అటూ ఇటూ జరుపుకుంటూ చదవొచ్చు కదా అంటారు. ఇ-ఇంక్ తెర జరిపిన ప్రతిసారీ రేణువులు మళ్లీ కదలాలి, మినుకుమంటుంది, ఆగుతుంది. ఒక్క పేజీ చదివేసరికి ఓపిక చచ్చిపోతుంది. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు తెలుగు ఒక పేజీ, ఎదురుగా ఇంగ్లీషు ఇంకో పేజీ. రెండూ పక్కపక్కనే చూసుకోవాలంటే ఆరు అంగుళాలు అసలు చాలవు. టైపు చేసిన ఇపబ్ ఫైలు అయితే అక్షరం ఎంత పెద్దది చేసినా లైను తెరకు సరిపడా తనే సర్దుకుంటుంది. పోటీ పరీక్షల పిల్లల దగ్గర ఉన్నదేమిటి? నూటికి తొంభై పాళ్లు పీడీఎఫ్‌లే. ఈ ఒక్క లెక్క వేయకుండా "కిండిల్ కొందాం" అనేస్తున్నారు.

మధ్యలో ఆకాశ్ కథ. 2011 అక్టోబరు 5న కపిల్ సిబల్ ఢిల్లీలో విడుదల చేశారు, ప్రపంచంలోనే అతి చవక టాబ్లెట్ అని పేపర్లన్నీ రాశాయి. డేటావిండ్ కంపెనీది, మన హైదరాబాదులోనే బిగించారు. ప్రభుత్వానికి పడిన ధర సుమారు 2,276 రూపాయలు. ఏడంగుళాల తెర, వేలితో గట్టిగా నొక్కితేనే కదిలేది. 256 ఎంబీ ర్యామ్. బ్యాటరీ మూడు గంటలు. ఒక పీడీఎఫ్ తెరిచి పేజీ తిప్పమంటే దానికి ఆయాసం వచ్చేది. ఆ ఇబ్బందుల వల్ల 2012 నవంబరులో ఐఐటీ బొంబాయి చేయి వేసి ఆకాశ్-2 తెచ్చారు, కొంచెం మెరుగు, కానీ అప్పటికే జనం నమ్మకం పోయింది. ధర ముందు పెట్టి, ఆ ధరలో ఏం పడుతుందో చూసి చేసిన వస్తువు అది. ఎవరు చదువుతారు, ఏం చదువుతారు, ఏ వెలుగులో చదువుతారు అనేది లెక్కలో తర్వాత వచ్చింది.

మన రాష్ట్రంలో 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు ఐదు లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు. మరుసటి ఏడాది అదే రోజున గిరిజన ప్రాంతమైన చింతపల్లిలో రెండో విడత. ఆకాశ్‌తో పోలిస్తే వస్తువు చాలా నయం. నెట్ లేకపోయినా చూసేలా పాఠాలు లోపలే వేసి ఇవ్వడం మన కొండ ఊళ్లకు సరైన ఆలోచన. కానీ ఆ పాఠాలు బైజూస్ కంపెనీవి. ఆ కంపెనీ మీద 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైంది. రాజకీయం నాకొద్దు, ఎవరు ఇచ్చారు ఎవరు ఆపారు అని కామెంట్లలో కొట్టుకోకండి. నేను చూసేది ఒక్కటే: వస్తువు మన చేతిలో, పాఠం ఇంకొకరి చేతిలో ఉంటే ఆ వస్తువు ఎన్నాళ్లు పనికొస్తుంది?

ఈ మాటకు కిండిల్ చరిత్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2009 జూలైలో జార్జ్ ఆర్వెల్ రాసిన "1984", "యానిమల్ ఫామ్" పుస్తకాలు కొన్నవాళ్ల కిండిళ్లలోంచి రాత్రికి రాత్రే మాయమయ్యాయి. అమ్మినవాళ్లకు హక్కులు లేవని తేలడంతో అమెజాన్ దూరం నుంచే చెరిపేసింది. డబ్బులు వెనక్కిచ్చింది, తర్వాత క్షమాపణ చెప్పింది. చెరిపిన పుస్తకమేమో, ప్రభుత్వం పాత రాతలన్నీ చెరిపేసే కథ. ఇంతకన్నా ఎగతాళి ఏముంటుంది! మార్కాపురం పలకను మనమే తుడుచుకునేవాళ్లం. ఈ పలకను సముద్రం అవతల కూర్చుని ఎవరో తుడిచారు. 2025 ఫిబ్రవరిలో అదే కంపెనీ, కొన్న పుస్తకాలను కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే దారి కూడా మూసేసింది. మన సొంత ఫైళ్లు కేబుల్‌తో ఎక్కించుకోవడం మాత్రం ఇప్పటికీ కుదురుతుంది, ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

మన భాషల ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తయారుచేయించింది. సవర, కోయ, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, గోండి, కోలామి, వాటితో పాటు మన బంజారా. తెలుగు లిపిలోనే. "యాడి" అని మొదటి పాఠంలోనే తన మాట కనిపిస్తే పిల్లోడు బడికి ఎలా వస్తాడో, కనిపించకపోతే ఎలా పారిపోతాడో మనలో చాలామందికి ఒంటి మీదే తెలుసు. తెలుగు లిపి బాగా చూపించే యంత్రం ఏదైనా ఆ వాచకాలను చూపించగలదు. అది మనకు కలిసొచ్చే విషయం. ఆదిలాబాద్ గుంజాల ఊళ్లో చేతిరాత ప్రతుల్లో బతికి ఉన్న గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది, ఉచిత ఫాంటు కూడా ఉంది. అంటే దారి ఉంది. యంత్రంలో మన ఫాంటు మనం వేసుకునే వీలుంటే చాలు.

ఇక కొనే సంగతి.

మొదట, ఏమీ కొనక్కర్లేనిది చెప్తా. చాలామంది దగ్గర ఫోను ఉంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు డబ్బాలుగా కనిపించిన రోజులు పోయాయి. మెమరీ కార్డులో వందల పుస్తకాలు పడతాయి. నోటిఫికేషన్లు ఆపుకుని చదివే నిగ్రహం ఉన్నవాళ్లకు ఇదే అన్నిటికన్నా చవక. నిగ్రహం లేనివాళ్లే ఎక్కువ, నాతో సహా. అందుకే విడిగా చదివే యంత్రం కావాలనిపిస్తుంది, అందులో తప్పు లేదు.

గ్రూప్స్, డీఎస్సీ చదివేవాళ్లకు, అంటే పీడీఎఫ్‌లే చదివేవాళ్లకు, ఆరు అంగుళాల ఇ-ఇంక్ రీడర్ కొనొద్దు. పది అంగుళాల మామూలు ట్యాబు, వాడినదైనా సరే, వాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. మెమరీ కార్డు వేసుకునే చోటు ఉన్నదే చూడండి. ఎండలో కనిపించదు, రోజూ ఛార్జింగ్ పెట్టాలి, నిజమే. కానీ అక్షరం కనిపిస్తుంది. పది అంగుళాల ఇ-ఇంక్ రీడర్లు కూడా ఉన్నాయి, ధర చూస్తే మన చందాకు అందవు.

కథలు, నవలలు, చరిత్ర పుస్తకాలు, వికీసోర్సు పుస్తకాలు, మనం టైపు చేసుకునే సొంత భాష పాఠాలు చదవడానికి ఒకే ఒక్క ఇ-ఇంక్ రీడర్ కొని పంచుకుందాం. సింప్యూటర్ వాళ్ల కార్డు ఆలోచన అన్నమాట. ఒక నోటుబుక్కు, ఒక పేరు, పదిహేను రోజులు, తర్వాత ఇంకొకరికి. కొత్త కిండిల్ పేపర్‌వైట్ 2025 ఏప్రిల్‌లో 16,999కి వచ్చింది, అంత పెట్టక్కర్లేదు. లోపలి లైటు ఉన్న పాత తరం రీడరు, వాడినది, బ్యాటరీ బాగున్నది చాలు. లైటు మాత్రం తప్పకుండా ఉండాలి, కరెంటు పోయిన రాత్రుల్లోనే మన పిల్లలు ఎక్కువ చదివేది.

ఏది చూసినా డబ్బిచ్చే ముందు నాలుగు పనులు చేయండి. కేబుల్ పెట్టి మన సొంత ఫైలు ఎక్కుతుందో లేదో చూడండి. నెట్ ఆపేసి, ఖాతా లేకుండా పుస్తకం తెరుచుకుంటుందో చూడండి. ఇంకో ఫాంటు వేసుకునే వీలుందో చూడండి. అన్నిటికన్నా ముందు తెలుగు పరీక్ష పెట్టండి. లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, ఉత్సాహం, జ్యోత్స్న, ఈ ఐదు మాటలున్న ఫైలు తెరవండి. వత్తులు కిందికి దిగి సరిగ్గా కూర్చుంటే తీసుకోండి. వత్తు పక్కన నిలబడి, పొల్లు విడిగా కనిపిస్తే అది ఎంత చవకైనా అక్కడే పెట్టి రండి. అమ్మేవాడు "అప్‌డేట్ వస్తే సరిపోద్ది" అంటాడు. అప్‌డేట్ వచ్చాక కొంటామని చెప్పండి.

ఆ ఐదు మాటలు, ఒక తెలుగు పేజీ, తెలుగు లిపిలో రాసిన ఒక గోర్ బోలి పేజీ కలిపి చిన్న ఇపబ్ ఫైలు తయారుచేసి ఆదివారం గ్రూపులో పెడతా. ఎరుకల, యానాది, చెంచు పిల్లలు ఎవరైనా తమ ఇంటి మాటల్లో పది వాక్యాలు రాసి పంపితే అవీ అందులో కలుపుతా. శనివారం సాయంత్రం లోపు పంపండి.